మొదటిసారి లాజిక్ సదస్సుకు వెళ్లాలనుకుంటున్నాను, 20 నిమిషాల ప్రసంగం. ఎలా సిద్ధం కావాలి?

అనంతశ్రేణి

అందరికీ నమస్కారం.

నేను తెలంగాణలోని ఒక విశ్వవిద్యాలయంలో గణితంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. మా గైడు గారిది కాంబినటోరిక్స్. అక్కడ మొదలుపెట్టి నేను మెల్లగా గణిత తర్కశాస్త్రం వైపు, అందులోనూ రివర్స్ మ్యాథమెటిక్స్ (ఒక సిద్ధాంతాన్ని నిరూపించడానికి ఏ స్వీకృతాలు తప్పనిసరో వెతికే శాఖ) వైపు వచ్చాను. గైడు గారు అడ్డు చెప్పలేదు, ప్రోత్సహించారు కూడా. కానీ మా విభాగంలో తర్కం చేసేవారు ఇంకెవరూ లేరు. ఒక లెమ్మా (పెద్ద నిరూపణలో వాడే చిన్న సహాయక సిద్ధాంతం) సరిగ్గా ఉందో లేదో చదివి చెప్పే మనిషి దగ్గరలో లేకుండానే ఇంతవరకు నెట్టుకొచ్చాను.

2025 జులై 7 నుంచి 11 వరకు వియన్నాలో లాజిక్ కొలోక్వియం జరుగుతుంది. దానికి సారాంశం పంపబోతున్నాను. నా ఫలితం ఇది: ప్రతి అనంత పాక్షిక క్రమంలోనూ (అన్ని జతలనూ పోల్చలేకపోయినా ఫరవాలేని క్రమం) ఒక అనంతమైన చైన్ (ఏ రెండింటినైనా పోల్చగలిగే గుంపు) గానీ, ఒక అనంతమైన యాంటీచైన్ (ఏ రెండింటినీ పోల్చలేని గుంపు) గానీ ఉంటుందనే సిద్ధాంతం ఉంది కదా. దాన్ని ఒక ప్రత్యేక తరగతి పాక్షిక క్రమాలకు పరిమితం చేస్తే, నిరూపించడానికి ఎంత బలమైన స్వీకృతాలు కావాలన్నది నా ప్రశ్న.

నాకున్న సందేహాలు చాలా. ఖర్చుకు డబ్బు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి? 20 నిమిషాల్లో ఏం చెప్పగలను? అక్కడ నాకు ఒక్కరూ తెలియదు. పేపర్ల మీద పేర్లు చూసినవారితో నేరుగా వెళ్లి మాట్లాడవచ్చా? అసలు ముందు మన దేశంలోని సదస్సుకు వెళ్లి, విదేశం సంగతి తర్వాత చూడటం మంచిదా? విదేశీ ప్రయాణం ఇదే మొదటిసారి. ఇంట్లోవాళ్లు భయపడుతున్నారు, కాబట్టి వీసా, బస గురించి కూడా ఎవరైనా చెబితే వాళ్లకు చూపిస్తాను.

---

దానూబ్ తీరం

నాకు తర్కశాస్త్రం తెలియదు, వియన్నా తెలుసు. ఇక్కడే ఉద్యోగం చేస్తున్నాను. ఇంట్లోవాళ్లకు చూపించడానికి పనికొచ్చేవి రాస్తాను.

వీసా షెంజెన్ (యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి చెల్లేది) స్వల్పకాలిక వీసా. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, కనీసం 15 రోజుల ముందు చేయాలి. ఆ 15 రోజుల మాట నమ్ముకుని కూర్చోకండి. ఏప్రిల్, మే వచ్చేసరికి వేసవి ప్రయాణికులతో అపాయింట్‌మెంట్లు దొరకవు. రుసుము 90 యూరోలు, దరఖాస్తు కేంద్రం వాళ్ల సేవా రుసుము వేరు. కనీసం 30 వేల యూరోల వైద్య ఖర్చులు భరించే ప్రయాణ బీమా తప్పనిసరి. పాస్‌పోర్టు గత పదేళ్లలో జారీ అయినదై ఉండాలి, తిరుగు ప్రయాణం తర్వాత ఇంకా మూడు నెలలైనా చెల్లుబాటు ఉండాలి, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. సారాంశం అంగీకరించిన రోజే నిర్వాహకులను ఆహ్వాన లేఖ అడగండి. లేఖలో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఇంటిపేరుతో సహా, అక్షరం తేడా లేకుండా ఉండాలి. మన తెలుగువాళ్ల ఇంటిపేర్లు విశ్వవిద్యాలయ రికార్డుల్లో ఒకలా, పాస్‌పోర్టులో ఒకలా ఉండటం మామూలే కదా.

జులై 6 ఆదివారం. మీరు ఆ రోజు దిగితే ఒక విషయం గుర్తుంచుకోండి: ఆదివారం ఇక్కడ కిరాణా దుకాణాలన్నీ మూసి ఉంటాయి. పెద్ద రైల్వే స్టేషన్లలో ఉన్నవి మాత్రం తెరుస్తారు. విమానాశ్రయం నుంచి ఎస్7 రైలు ఎక్కితే వియన్ మిట్టె స్టేషన్‌కు దాదాపు అరగంట. అదే స్టేషన్‌కు వెళ్లే ఖరీదైన ఎక్స్‌ప్రెస్ రైలు ప్రకటనలు ముందు కనిపిస్తాయి, దాని అవసరం లేదు. కుళాయి నీళ్లు ఆల్ప్స్ కొండల ఊటల నుంచి వస్తాయి, నిశ్చింతగా తాగండి, సీసాలు కొనకండి. వేసవి సెలవుల్లో విద్యార్థి హాస్టళ్లు కొన్ని బయటివారికి గదులు అద్దెకిస్తాయి. హోటల్ కన్నా తక్కువలో పోతుంది, చాలాచోట్ల వంటగది కూడా ఉంటుంది. శాకాహారులైతే పప్పు, చింతపండు పొడి ప్యాకెట్లలో తెచ్చుకోండి. బియ్యం ఇక్కడ దొరుకుతుంది.

అమ్మానాన్నలకు చెప్పండి: రాత్రి పది గంటలకు మెట్రోలో ఆడపిల్లలు ఒంటరిగా వెళ్లడం ఇక్కడ రోజూ చూసేదే.

---

నల్లబల్ల

అనంతశ్రేణి గారూ, నేను తర్కశాస్త్రం చదివి, ఇప్పుడు దాన్ని పాఠంగా చెబుతున్నదాన్ని. మీలాగే మా విభాగంలోనూ ఆ పని చేసేది నేనొక్కదాన్నే. అందుకే మీ ప్రశ్న చూశాక వెంటనే రాయాలనిపించింది.

ముందు డబ్బు, ఎందుకంటే దానికి గడువులున్నాయి. లాజిక్ కొలోక్వియం అసోసియేషన్ ఫర్ సింబాలిక్ లాజిక్ వారి యూరప్ వేసవి సమావేశం. ఆ సంఘం విద్యార్థులకూ, కొత్తగా పీహెచ్‌డీ పూర్తిచేసినవారికీ ప్రయాణ సహాయం ఇస్తుంది. దరఖాస్తు సమావేశానికి దాదాపు మూడు నెలల ముందే చేరాలి. అంటే ఏప్రిల్ మొదటి వారం మీకు ఆఖరి హద్దు అనుకోండి. ఖర్చు అంచనా, మీ గైడు గారి చిన్న సిఫార్సు లేఖ సిద్ధం చేసుకుని, సంఘంలో సభ్యత్వం ఈ వారమే తీసుకోండి. విద్యార్థులకు రుసుము తక్కువ. మన దగ్గర జాతీయ ఉన్నత గణిత మండలి, అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్, సీఎస్‌ఐఆర్ ప్రయాణ సహాయాలున్నాయి. వీటిలో సాధారణంగా ముందు మీరు ఖర్చు పెట్టి తర్వాత రాబట్టుకోవాలి. టికెట్ ఎవరి దగ్గర కొనాలో కూడా నిబంధన ఉంటుంది, కొనేముందే చదవండి. బోర్డింగ్ పాసులు పారేయకండి. అన్నింటికీ ఒకేసారి దరఖాస్తు చేయండి, ఒకటి వచ్చాక మిగతావాటికి రాసి తెలియజేయండి.

సారాంశం 300 పదాలు మించకూడదు. ఆ 300లో మొదటి వంద మీ పని గురించి కాకుండా ప్రశ్న గురించి ఉండాలి.

ఇక ప్రసంగం. ప్రశ్నలకు పోగా మీకు మిగిలేది 15, 16 నిమిషాలు. ఒకే సమయంలో మూడు నాలుగు గదుల్లో ప్రసంగాలు నడుస్తుంటాయి. మీ గదిలోకి వచ్చే పదీ పదిహేను మందిలో మీ విషయంలోనే పని చేసేవారు ఇద్దరో ముగ్గురో ఉంటారు. మిగతావారు మోడల్ థియరీ, సమితి సిద్ధాంతం, ఫిలాసఫీ నుంచి వచ్చినవారు. వాళ్లందరికీ ట్యూరింగ్ యంత్రం తెలుసు. రెండో శ్రేణి అంకగణితంలో (సంఖ్యలతో పాటు సంఖ్యల సమితుల గురించీ మాట్లాడే వ్యవస్థ) ఏ ఉపవ్యవస్థలో ఇండక్షన్‌ను ఎంతవరకు అనుమతిస్తారో వాళ్లకు గుర్తుండదు, ఉండాల్సిన అవసరమూ లేదు. కాబట్టి నిరూపణ మొత్తం చెప్పాలనే ఆశ ఇప్పుడే వదిలేయండి. ఒక ఉదాహరణ, ఒక సిద్ధాంతం, ఆ సిద్ధాంతంలో అసలు కష్టం ఎక్కడుందో చూపే ఒక్క లెమ్మా, మీకు జవాబు తెలియని ఒక ప్రశ్న. ఇంతే. ఆఖరి స్లయిడ్‌లో కృతజ్ఞతలు అని పెద్ద అక్షరాలతో రాసి దాని మీదే ఆగిపోవడం చాలామందికి అలవాటు. ఆ స్థలం మీకు జవాబు తెలియని ఆ ప్రశ్నకు ఇవ్వండి. చర్చ జరిగే నాలుగైదు నిమిషాలూ తెర మీద అదే ఉంటుంది, జనం ఫోనుతో ఫొటో తీసుకునేది దాన్నే.

మీరు అడిగిన వాటిలో నాకు ముఖ్యమనిపించింది మనుషులతో మాట్లాడటం. ఈ ప్రయాణం అసలు దాని కోసమే. మీ లెమ్మా చదివి చెప్పే మనిషి దగ్గరలో లేరన్నారు కదా, ఆ మనిషిని వెతుక్కోవడానికే మీరు వియన్నా వెళ్తున్నారు. ప్రసంగం అందుకొక పరిచయ పత్రం లాంటిది.

అందుకే కార్యక్రమ పట్టిక రాగానే మీ పనికి దగ్గరగా ఉన్నవారిని నలుగురైదుగురిని ఎంచుకోండి. ఒక్కొక్కరి పేపరు ఒకటైనా కాగితం, కలం పట్టుకుని చదవండి. సదస్సుకు రెండు వారాల ముందు ఐదు వాక్యాల ఈ-మెయిల్ పంపండి. మీరెవరు, వారి పేపరులో ఏ లెమ్మా వాడారు, ఎక్కడ ఆగిపోయారు, మీ ప్రసంగం ఏ రోజు ఏ గదిలో, విరామంలో పది నిమిషాలు మాట్లాడగలరా. పొగడ్తలు వద్దు. 'మీ పని అద్భుతం' అనే వాక్యానికి జవాబు రాయడం ఎవరికైనా కష్టం. 'మీ మూడో లెమ్మాలో ఈ షరతు నిజంగా అవసరమా?' అనే వాక్యానికి జవాబు రాయకుండా ఉండటం తర్కశాస్త్రవేత్తలకు కష్టం. మొదటి ఉత్తరంలో ప్రొఫెసర్ అని రాయండి. తర్వాత వాళ్లే పేరు పెట్టి పిలవమంటారు. మనకు నోరు తిరగదు, అయినా అలవాటవుతుంది.

విరామం అరగంట పెట్టేది టీ తాగడానికి కాదు. మేమొక చిన్న వర్క్‌షాప్ నిర్వహించినప్పుడు నేను పట్టుబట్టి అడిగినవి రెండే: వరండాలో నల్లబల్లలు, వాటి పక్కన చాక్‌పీసులు. విరామం పొడిగించమని వచ్చినవాళ్లే అడిగారు. మీరు కూడా అక్కడ ఏ బల్ల దగ్గర నలుగురు గుమిగూడితే అక్కడికి వెళ్లి నిలబడండి. వినడానికి అనుమతి అక్కర్లేదు.

మన రంగంలో ఇలాంటి సంభాషణల చరిత్ర చిన్నది కాదు. 1930 సెప్టెంబరులో కోనిగ్స్‌బర్గ్ సదస్సులో తర్కశాస్త్రవేత్త గోడెల్‌కు ఇచ్చింది కూడా 20 నిమిషాలే. అప్పుడాయనకు 24 ఏళ్లు. సెప్టెంబరు 6న ఆయన ఆ సమయంలో చెప్పింది సంపూర్ణతా సిద్ధాంతం (మొదటి శ్రేణి తర్కంలో ఎల్లప్పుడూ నిజమయ్యే ప్రతి వాక్యానికీ నిరూపణ ఉంటుందన్నది). మర్నాడు జరిగిన చర్చలో, సత్యమై కూడా గణితపు స్వీకృత వ్యవస్థలో నిరూపించలేని అంకగణిత వాక్యాలుంటాయని ఆయన క్లుప్తంగా అన్నాడు. గదిలో చాలామందికి దాని బరువు తెలియలేదు. గణితవేత్త వాన్ నోయ్‌మన్‌కు తెలిసింది. చర్చ ముగిశాక ఆయన గోడెల్‌ను పక్కకు తీసుకెళ్లి వివరాలన్నీ అడిగాడు. నవంబరు కల్లా రెండో అసంపూర్ణతా సిద్ధాంతాన్ని (అలాంటి వ్యవస్థ తన అవిరుద్ధతను తానే నిరూపించుకోలేదన్నది) తానే సొంతంగా కనుక్కుని గోడెల్‌కు ఉత్తరం రాశాడు. అప్పటికే గోడెల్ పేపరు అచ్చుకు వెళ్లిపోయింది. నేను మా విద్యార్థులకు ఎప్పుడూ చెప్పేది వాన్ నోయ్‌మన్ గురించే. అంత శ్రద్ధగా వినడం కూడా ఒక పనే, దానికి సిద్ధమై వెళ్లాలి. మీరు చేస్తున్న రివర్స్ మ్యాథమెటిక్స్ కూడా ఒక సదస్సు ప్రసంగంతో మొదలైందే: 1974లో వాంకూవర్‌లో జరిగిన అంతర్జాతీయ గణిత మహాసభలో ఫ్రీడ్‌మన్ చేసిన ప్రసంగం.

ఐదు రోజులూ అన్నీ వినాలని చూడకండి, మూడో రోజుకు బుర్ర పనిచేయదు. ట్యుటోరియల్ ఉపన్యాసాలు మాత్రం ఒక్కటీ వదలకండి. అవి విద్యార్థుల కోసమే పెడతారు. ప్లీనరీలో (అందరూ కలిసి వినే ప్రధాన ప్రసంగం) మొదటి పావుగంట అర్థమైతే మంచి ప్రసంగం అనుకోండి, నాక్కూడా అంతే అర్థమవుతుంది, మిగతావాళ్లలో ఎక్కువమందికీ అంతే. ఒక మధ్యాహ్నం వీలు చూసుకుని బోల్ట్‌జ్‌మన్‌గాసె 5వ నంబరు భవనం వరకు నడిచి వెళ్లండి. వియన్నా సర్కిల్ అనే తత్వవేత్తలు, శాస్త్రవేత్తల బృందం సమావేశమైంది అక్కడే, విద్యార్థిగా గోడెల్ వచ్చి మాట్లాడకుండా కూర్చుని విన్నదీ అక్కడే.

మీ విభాగంలో ఒంటరిగా ఉన్నానని చిన్నబుచ్చుకోకండి. రెండేసి సంఖ్యల జతలకు రామ్సే సిద్ధాంతం (జతలకు రెండు రంగులు వేస్తే, అన్ని జతలూ ఒకే రంగులో ఉండే అనంత సమితి దొరుకుతుందన్నది) నుంచి బలహీన కోనిగ్ లెమ్మా (రెండేసి కొమ్మలుగా చీలే అనంత వృక్షంలో అనంత దారి ఉంటుందన్నది) రాదని నిరూపించిన లియూ అప్పటికి చైనాలో డిగ్రీ విద్యార్థి. పెద్దవాళ్లు ఏళ్ల తరబడి చూసిన ప్రశ్న అది. ఆ పేపరు 2012లో జర్నల్ ఆఫ్ సింబాలిక్ లాజిక్‌లో వచ్చింది. మీ విషయానికి అది పక్కిల్లే కాబట్టి ఇంకా చదవకపోతే వెళ్లేలోగా చదవండి.

---

పాత విద్యార్థి

నల్లబల్ల గారు చెప్పినదానికి నేను కలిపేది కొంచెమే. మన దేశంలోని సదస్సు ముందా, విదేశం ముందా అని అడిగారు. రెండూ కావాలి, వరసతో పని లేదు.

మన దగ్గర అసోసియేషన్ ఫర్ లాజిక్ ఇన్ ఇండియా ఉంది. వాళ్ల సదస్సు, వాళ్ల శిక్షణ పాఠశాల సాధారణంగా ఏడాది విడిచి ఏడాది వస్తుంటాయి. సదస్సు 2019లో ఢిల్లీ ఐఐటీలో, 2023లో ఇందోర్ ఐఐటీలో జరిగింది. పాఠశాల ఒకసారి, 2010 జనవరిలో, మన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికే వచ్చింది. ఇక్కడ మోడల్ లాజిక్ (సాధ్యం, అవశ్యం అనే మాటల తర్కం; మోడల్ థియరీ వేరు), కంప్యూటర్ సైన్స్ వైపు తర్కం, భారతీయ న్యాయశాస్త్రంతో ముడిపడిన పని ఎక్కువ కనిపిస్తాయి. మీ విషయం మీద పని చేసేవారు తక్కువ. కానీ ఇక్కడ పరిచయమైనవారు రేపు మీ థీసిస్ పరీక్షకులు కావచ్చు, పోస్ట్‌డాక్ చోటు చూపించవచ్చు. అది చిన్న విషయం కాదు.

2010లోనే ఆగస్టులో అంతర్జాతీయ గణిత మహాసభ హైదరాబాద్‌లో జరిగింది. సమితి సిద్ధాంతం మీద హ్యూ వుడిన్ ప్లీనరీ ప్రసంగం నేను అక్కడే విన్నాను. నేనప్పుడు ఎమ్మెస్సీ విద్యార్థిని. అర్థమైంది అతి తక్కువ. అయినా ఆ రోజు రాసుకున్న పేర్లు, పదాలు పట్టుకుని తర్వాత చాలా కాలం చదువుకున్నాను. కాబట్టి అర్థం కాని ప్రసంగంలోనూ నోటుపుస్తకం తెరిచే ఉంచండి.

ఇంకొకటి. వెళ్లేముందు మీ విభాగంలోనే, తర్కం తెలియని సహాధ్యాయుల ముందు ఈ ప్రసంగం గడియారం పెట్టుకుని చేయండి. ఆల్జీబ్రా చేసే మిత్రులకు మొదటి ఐదు నిమిషాలు అర్థమైతే వియన్నాలోనూ అర్థమవుతుంది. మీ గైడు గారిని ముందు వరసలో కూర్చోబెట్టండి. కాంబినటోరిక్స్ మనిషి కాబట్టి మీ ఉదాహరణలను గట్టిగా పట్టుకుంటారు.

---

అనంతశ్రేణి

అందరికీ ఎంతో కృతజ్ఞతలు. దానూబ్ తీరం గారి సమాధానం అమ్మానాన్నలకు చదివి వినిపించాను. మెట్రో గురించి రాసిన వాక్యం అమ్మ రెండుసార్లు చదివించుకుంది. సభ్యత్వానికి ఈ రోజే దరఖాస్తు చేశాను.

నల్లబల్ల గారూ, మీరు చెప్పాక మొదటి స్లయిడ్ రాసి చూశాను. ఇలా ఉంది:

'ఆర్‌సీఏ సున్నా అనేది రెండో శ్రేణి అంకగణితంలో ఒక ఉపవ్యవస్థ. ఇందులో డెల్టా సున్నా ఒకటి కాంప్రెహెన్షన్, సిగ్మా సున్నా ఒకటి ఇండక్షన్ ఉంటాయి. ఈ వ్యవస్థ మీద చైన్-యాంటీచైన్ సూత్రపు ఒక పరిమిత రూపం బలాన్ని పరిశీలిస్తాం.'

ఇది సరిపోతుందా? నిర్వచనం ముందు చెప్పకపోతే పద్ధతిగా ఉండదేమో అనిపిస్తోంది.

---

నల్లబల్ల

అందులో ఒక్క అక్షరం తప్పు లేదు. కానీ మోడల్ థియరీ నుంచి వచ్చినవారు రెండో వాక్యం దగ్గరే ఫోను తీస్తారు. నిర్వచనం ముందు రావాల్సింది పేపరులో. ప్రసంగంలో ఆ నిర్వచనం ఎందుకు కావాల్సి వచ్చిందో ముందు తెలియాలి. ఇలా మొదలుపెట్టి చూడండి:

'సహజ సంఖ్యలను భాగహారంతో క్రమంలో పెడదాం. 2, 4, 8, 16, 32 ఇలా పోతే ప్రతిదీ తర్వాతి దాన్ని భాగిస్తుంది, ఇది అనంతమైన చైన్. 2, 3, 5, 7, 11 ఇలా పోతే ఏ రెండూ ఒకదాన్ని ఒకటి భాగించవు, ఇది అనంతమైన యాంటీచైన్. ఇక్కడ రెండూ దొరికాయి. ఏ అనంత పాక్షిక క్రమంలోనైనా వీటిలో కనీసం ఒకటి ఉండి తీరుతుంది. ఉందని తెలుసు. మరి దాన్ని ప్రోగ్రామ్ రాసి వెతికి పట్టుకోగలమా?'

ఇది మాటల్లో చెప్పండి. స్లయిడ్ మీద ఆ రెండు వరసల సంఖ్యలు మాత్రమే ఉంటే చాలు, పెద్దగా. రెండో స్లయిడ్‌లో జవాబు: పట్టుకోలేం. గణించదగిన (ప్రోగ్రామ్ రాసి లెక్కించగలిగిన) అనంత పాక్షిక క్రమం ఒకటి ఉంది, అందులోని ఏ అనంత చైన్‌నూ, ఏ అనంత యాంటీచైన్‌నూ ఏ ప్రోగ్రామూ గణించలేదు. 2001లో హెర్మన్ ఇంతకన్నా బలమైన ఫలితమే ఇచ్చాడు, ఆయన పేరు, సంవత్సరం అక్కడ వేయండి. ఆ తర్వాత 2007లో హిర్ష్‌ఫెల్ట్, షోర్ ఈ సూత్రం బలాన్ని రామ్సే సిద్ధాంతంతో పోల్చి చూశారని ఒక్క వాక్యం. అప్పుడు 'నా తరగతి పాక్షిక క్రమాలకు ఏమవుతుంది?' అని అడగండి. గదిలో ఉన్న అందరికీ ఆ ప్రశ్న మీతో పాటే పుడుతుంది. ఆర్‌సీఏ సున్నా నాలుగో స్లయిడ్‌కు జరుగుతుంది. స్థూలంగా గణించదగిన గణితమంతా పట్టే వ్యవస్థ అని చెప్పండి, నిమిషంన్నర చాలు. ఇండక్షన్ షరతు ఎవరైనా అడిగితే చెప్పడానికి వివరాల స్లయిడ్ ఒకటి ఆఖరి స్లయిడ్ వెనకాల దాచుకోండి.

సారాంశం కూడా ఇదే వరసలో తిరగరాయండి. 300 పదాలు దాటలేదని లెక్కపెట్టాక ఇక్కడే పెట్టండి. ఆదివారం నాకు తరగతులు లేవు, కూర్చుని చదువుతాను. ఆ లెమ్మా కూడా పంపండి.